ఇచ్చే దారి: పెద్ద ఫైళ్ళు సర్వర్‌కి చేరిన చరిత్ర

ఈ ఏడాది మన పత్రికకి చరిత్ర వ్యాసాలు రాయమన్నప్పుడు మా సోషల్ మాస్టారు ఒక్కటే షరతు పెట్టారు. రాజులు వద్దు, యుద్ధాలు వద్దు, మీ వీధిలో రోజూ జరిగే పని ఒకటి పట్టుకుని అది ఎక్కడినుంచి వచ్చిందో కనుక్కుని రాయండి అన్నారు. మా క్లాసులో సగంమంది పట్టుచీరల నేత మీద రాస్తున్నారు. బరంపురంలో ఉంటూ అది రాయకపోతే ఎలా అని వాళ్ళ వాదన. అదీ నిజమే. నేను మాత్రం "అప్‌లోడ్" తీసుకున్నాను.

కారణం ఏమిటంటే, మా బాబాయి నెట్ సెంటర్ నడుపుతారు. ట్యూషన్ అయ్యాక నేను అక్కడే కూర్చుని చదువుకుంటాను. అక్కడికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఏదో చూడటానికి రారు, ఏదో పంపడానికి వస్తారు. ఫొటో, సంతకం, కుల ధ్రువపత్రం, మార్కుల లిస్టు, పాత పట్టా కాగితం. ఉద్యోగానికో స్కాలర్‌షిప్‌కో పెన్షన్‌కో ఇవి ఎక్కడో ఉన్న సర్వర్‌కి చేరాలి. ఆఖరి తేదీ నాడు ఆ చేరడమే పెద్ద గండం. తెర మీద గుండ్రం తిరుగుతూనే ఉంటుంది, వెనకాల నిలబడ్డవాళ్ళు గోడ గడియారం చూస్తుంటారు.

బయటినుంచి చూస్తే డౌన్‌లోడ్, అప్‌లోడ్ ఒకే రోడ్డుకి రెండు వైపుల్లాగ కనిపిస్తాయి. చరిత్రలో అలా లేదు. తీసుకునే దారి ముందు వేశారు, వెడల్పుగా వేశారు. ఇచ్చే దారి తర్వాత వచ్చింది, అతుకులు వేసుకుంటూ వచ్చింది.

నిజానికి వెబ్ కంటే ముందే ఫైళ్ళు పంపే పద్ధతి ఒకటి ఉండేది. దాని పేరు ఎఫ్‌టీపీ. 1971 ఏప్రిల్‌లో దాని మొదటి ముసాయిదా రాసింది మన దేశస్థుడే, అభయ్ భూషణ్. ఐఐటీ కాన్పూర్ మొదటి బ్యాచ్ విద్యార్థి. అప్పటికి అమెరికాలో ఎంఐటీలో చదువుతున్నారు. ఇంటర్నెట్‌కి ముందున్న ఆర్పానెట్‌లో ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి ఫైలు ఎలా పంపాలో ఆయన రాసి పెట్టారు. ఆ నెట్‌వర్క్‌లో ఊళ్ళ మధ్య ఉన్న లైన్ల వేగం సెకనుకి 50 కిలోబిట్లు. ఇప్పుడు మన చేతిలో ఫోను ఒక్కటే దానికి ఎన్నో రెట్లు వేగం.

ఎఫ్‌టీపీలో నాకు బాగా నచ్చిన విషయం ఒకటి ఉంది. 1985లో స్థిరపడిన దాని నియమాల్లో "రీస్టార్ట్" అనే ఆదేశం ఉంది. మధ్యలో లైను తెగిపోతే, తెగిన చోటినుంచి మళ్ళీ మొదలుపెట్టడానికి అది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే తర్వాత వచ్చిన వెబ్, అప్‌లోడ్ విషయంలో ఈ తెలివిని చాలాకాలం పక్కన పెట్టేసింది.

వెబ్‌ని తయారుచేసిన టిమ్ బెర్నర్స్ లీ యూరప్‌లోని సెర్న్ పరిశోధనా సంస్థలో పనిచేసేవారు. ఆయన మొదట తయారుచేసిన బ్రౌజర్‌లో పేజీలు చదవడమే కాదు, దిద్దడం కూడా వీలయ్యేది. ఆయన ఉద్దేశం అందరూ చదవాలి, అందరూ రాయాలి అని. కానీ 1991లో వాడుకలోకి వచ్చిన హెచ్‌టీటీపీ మొదటి రూపంలో ఒక్కటే ఆదేశం ఉండేది: "గెట్", అంటే ఇవ్వు. బ్రౌజర్ అడుగుతుంది, సర్వర్ ఇస్తుంది. అంతే. "పోస్ట్" అనే ఆదేశం తర్వాత చేరింది. దానితో ఫారం నింపి పంపవచ్చు. అయితే ఆ ఫారంలో పేరు, ఊరు లాంటి అక్షరాలే వెళ్ళేవి. ఫైలు వెళ్ళేది కాదు.

ఫైలు పంపే వీలు 1995 నవంబరులో వచ్చింది. జిరాక్స్ కంపెనీలో పనిచేసే ఎర్నెస్టో నెబెల్, లారీ మసింటర్ అనే ఇద్దరు ఒక పత్రం రాశారు. దాని నెంబరు ఆర్‌ఎఫ్‌సీ 1867. మనం రోజూ జిరాక్స్ తీయిస్తాం కదా, ఆ జిరాక్సే. ఈరోజు ఏ అప్లికేషన్‌లోనైనా కనిపించే "ఫైలు ఎంచుకోండి" అనే బటన్‌కి పుట్టిల్లు ఆ పత్రం. మరుసటి సంవత్సరానికి నెట్‌స్కేప్ బ్రౌజర్ రెండో వెర్షన్‌లో అది జనాల చేతికి వచ్చింది.

వాళ్ళ ఉపాయం వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. ఒకే కవరులో ఒక ఉత్తరం, రెండు ఫొటోలు, ఒక సర్టిఫికెట్ పెట్టి పంపాలంటే మనం ఏం చేస్తాం? మధ్యలో రంగు కాగితం పెడతాం, ఏది ఎక్కడ ముగిసిందో తెలియాలని. వాళ్ళూ అదే చేశారు. ఒక విచిత్రమైన అక్షరాల వరస తీసుకుని దాన్ని "హద్దు" అన్నారు. రెండు భాగాల మధ్య ఆ హద్దు వస్తుంది. వాళ్ళ పత్రంలో ఉదాహరణగా ఇచ్చిన హద్దులో అక్షరాలూ అంకెలూ కలిసి ఆరే ఉన్నాయి. ఆ హద్దు ఫైలు లోపల ఎక్కడా రాకుండా చూసుకుంటే చాలు.

ఇందులో ఒక లాభం ఉంది. ఈ-మెయిల్‌లో ఫైలు జతచేసే పద్ధతి 1992లో వచ్చింది. అక్కడ ఫైలుని ముందు అక్షరాలుగా మార్చాలి, ప్రతి 3 బైట్లకి 4 అక్షరాలు అవుతాయి. అంటే ఫైలు మూడోవంతు బరువు పెరుగుతుంది. వెబ్ ఫారంలో ఆ బరువు లేదు, ఫైలు ఉన్నదున్నట్టు వెళ్తుంది. నష్టం కూడా ఉంది. మొత్తం ఫారం ఒకే ఊపిరిలో చేరాలి. మధ్యలో తెగితే మళ్ళీ మొదటినుంచి. ఎఫ్‌టీపీ వాళ్ళు కనిపెట్టిన "తెగిన చోటినుంచి" అన్న సౌకర్యం ఇందులో లేదు. 1995లో ఎవరూ పెద్దగా బాధపడి ఉండరు. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ వచ్చిందే ఆ ఏడాది ఆగస్టు 15న, వీఎస్‌ఎన్‌ఎల్ ద్వారా. మోడెం వేగం సెకనుకి 28.8 కిలోబిట్లు అనుకుంటే 1 ఎంబీ ఫైలు పోవడానికి దాదాపు 5 నిమిషాలు. పెద్ద ఫైలు పంపాలని ఎవరికి తోస్తుంది?

ఇక అసలు కథ సర్వర్ వైపు ఉంది. దీన్ని కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే నాకు కూడా ఇది అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది.

1995లోనే అపాచీ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఏడాది తిరిగేసరికి లోకంలో ఎక్కువ సైట్లు దాని మీదే నడిచేవి. అది పనిచేసే తీరు పాత పోస్టాఫీసు లాంటిది. లోపలికి వచ్చిన ప్రతి మనిషికీ ఒక గుమాస్తా. ఆ మనిషి పని పూర్తయ్యేదాకా ఆ గుమాస్తా ఇంకెవరి వైపూ చూడడు. అలాంటి గుమాస్తాలు మామూలుగా 256 మంది వరకు ఉండేవారు. కంప్యూటర్ భాషలో వాళ్ళని ప్రాసెస్‌లు అంటారు. పేజీ చూడటానికి వచ్చినవాడికి ఇది బాగానే సరిపోతుంది. గుమాస్తా పేజీ తీసి ఇచ్చేస్తాడు, వచ్చినవాడు వెళ్ళిపోతాడు, క్షణంలో పని.

అదే పార్సిల్ ఇవ్వడానికి వచ్చినవాడు అనుకోండి. పార్సిల్ మొత్తం ఒకేసారి బల్ల మీద పెట్టడు. సంచిలోంచి ఒక్కొక్క కాగితం తీసి ఇస్తుంటాడు. గుమాస్తా చెయ్యి చాపి కూర్చోవాలి. వాడి లైను ఎంత నెమ్మదైతే అంతసేపు.

లెక్క వేసి చూశాను. సెకనుకి 64 కిలోబిట్లు పంపగలిగే లైను మీద 5 ఎంబీ ఫైలు పంపాలంటే 655 సెకన్లు, అంటే దగ్గరదగ్గర 11 నిమిషాలు. అలాంటివాళ్ళు 256 మంది వస్తే గుమాస్తాలు అందరూ నిండిపోయారు. నిమిషానికి 23 మంది పని మాత్రమే పూర్తవుతుంది. 257వ మనిషి బయట నిలబడాలి, వాడు వచ్చింది ఊరికే ఒక పేజీ చూడటానికే అయినా సరే. తమాషా ఏమిటంటే ఆ 256 మందీ కలిసి వాడుకుంటున్న వేగం సెకనుకి 16 మెగాబిట్లే. సర్వర్‌కి 100 మెగాబిట్ల తీగ ఉంటే అందులో ఆరోవంతు మాత్రమే. తీగ ఖాళీగా ఉంది, కంప్యూటర్ ప్రాసెసర్ ఖాళీగా ఉంది, అయినా సైటు "బిజీ". గుమాస్తాలందరూ చేతులు చాపి కూర్చున్నారు, అంతే.

ఆఖరి తేదీ నాడు సైటు పడిపోయింది అంటే కోట్లమంది ఒక్కసారి మీద పడ్డారని నేను అనుకునేదాన్ని. చాలాసార్లు అంత మంది అక్కర్లేదు. నెమ్మది లైన్లు ఉన్నవాళ్ళు కొన్ని వందలమంది చాలు.

ఈ బలహీనత చెడ్డవాళ్ళకి కూడా తెలిసింది. 2009లో స్లోలోరిస్ అనే ఒక చిన్న ప్రోగ్రామ్ బయటపడింది. అది సర్వర్ దగ్గరికి వెళ్ళి కావాలనే అతి నెమ్మదిగా, కొంచెం కొంచెంగా మాట్లాడుతుంది. ఒక్క కంప్యూటర్‌తో గుమాస్తాలందరినీ కట్టిపడేయవచ్చు. మరుసటి ఏడాదికి ఫారం పంపుతున్నట్టు నటిస్తూ అదే పని చేసే దాడులు వచ్చాయి. అప్పుడు అపాచీవాళ్ళు ఫలానా సమయంలోపు ఇంత కూడా పంపకపోతే కనెక్షన్ కత్తిరించే ఏర్పాటు చేశారు. మంచిదే. కానీ ఆ గడువు గట్టిగా పెడితే, దొంగతో పాటు మా వీధిలో నిజంగానే నెమ్మది లైను ఉన్నవాడి అప్లికేషన్ కూడా తెగిపోతుంది. సర్వర్‌కి ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు.

గుమాస్తాల సమస్య ఒక్కటే కాదు, సామాను ఎక్కడ పెట్టాలన్నది ఇంకో సమస్య. మొదట్లో కొన్ని ప్రోగ్రాములు వచ్చిన ఫైలు మొత్తాన్ని మెమరీలోనే పెట్టుకునేవి. 100 ఎంబీ ఫైలు 20 మంది పంపితే 2 జీబీ అయిపోయింది, ఆ రోజుల్లో సర్వర్‌కి అంత మెమరీ ఉంటే గొప్ప. అందుకని వచ్చిన ముక్కని వచ్చినట్టు డిస్కు మీద తాత్కాలిక ఫైలులో రాసుకోవడం అలవాటు చేశారు. మన అప్లికేషన్ సైట్లలో చాలా వాటికి ఆధారమైన పీహెచ్‌పీ అలాగే చేస్తుంది. ఫైలు తాత్కాలికంగా ఒకచోట పెడుతుంది, ప్రోగ్రామ్ దాన్ని సరైన చోటికి మార్చకపోతే పని ముగియగానే తుడిచేస్తుంది.

పీహెచ్‌పీకి పుట్టుకతో వచ్చిన రెండు హద్దులు ఉన్నాయి: ఒక్కో ఫైలుకి 2 ఎంబీ, మొత్తం ఫారానికి 8 ఎంబీ. సర్వర్ నడిపేవాళ్ళు మార్చుకోవచ్చు, చాలామంది మార్చరు. ఇందులో ఒక చికాకు ఉంది. మొత్తం ఫారం హద్దు దాటితే పీహెచ్‌పీ ప్రోగ్రామ్‌కి ఖాళీ ఫారం అందుతుంది. పేరు లేదు, ఊరు లేదు, ఫైలు లేదు. రాసినవాడు ఆ సంగతి ముందే ఆలోచించకపోతే తెర మీద "అన్ని వివరాలు నింపండి" అని వస్తుంది. నింపినవాడికి పిచ్చెక్కుతుంది. బాబాయి సెంటర్‌లో ఒకామె ఇలా మూడుసార్లు నింపారు. ప్రతిసారీ ఆవిడ తన తప్పే అనుకుని "నేనే ఎక్కడో వదిలేశానేమో బాబూ" అంటూ మళ్ళీ మొదలుపెట్టారు. చివరికి బాబాయి ఆమె సర్టిఫికెట్ స్కాన్ సైజు తగ్గించి పంపితే ఒక్కసారికే పోయింది. ఏ సైటో చెప్పను, చెప్పినా ఒక్కటి కాదు.

దీనికి మందు పుస్తకంలో ఎప్పుడో ఉంది. 1999 నాటి హెచ్‌టీటీపీ 1.1 నియమాల్లో, పెద్ద సామాను పంపేముందు "పంపమంటారా?" అని అడిగి, సర్వర్ "కానివ్వండి" అన్నాకే పంపే పద్ధతి రాసి ఉంది. సైజు ఎక్కువైతే సర్వర్ మొదటే వద్దనవచ్చు. కానీ బ్రౌజర్లు ఆ పద్ధతిని అలవాటు చేసుకోలేదు. అవి అడగకుండానే మొత్తం మోసుకెళ్ళడం మొదలుపెడతాయి. సర్వర్ మధ్యలో 413 అనే నెంబరుతో "మరీ పెద్దది" అని తలుపు వేసేస్తే, ఆ మాట కూడా చాలాసార్లు మనకి సరిగ్గా చేరదు. కనెక్షన్ పోయింది అని మాత్రం కనిపిస్తుంది.

1999లోనే డాన్ కెగెల్ అనే ఇంజనీర్ ఒక ప్రశ్న వేశారు: ఒకే సర్వర్ ఒకేసారి 10,000 మందిని ఎందుకు చూసుకోలేదు? యంత్రాలకి ఆ బలం వచ్చేసింది, లోపం పని పంచుకునే తీరులో ఉంది అని ఆయన చెప్పారు. దీనికి జవాబు ఇచ్చినవాళ్ళలో పేరున్నవాడు రష్యాకి చెందిన ఇగోర్ సిసోయెవ్. రాంబ్లర్ అనే రష్యన్ కంపెనీలో పనిచేస్తూ 2002లో మొదలుపెట్టి, 2004 అక్టోబరులో ఎంజిన్‌ఎక్స్ అనే సర్వర్‌ని అందరికీ ఉచితంగా ఇచ్చారు.

దీన్ని అర్థం చేసుకోవడానికి పోస్టాఫీసు వదిలి టిఫిన్ హోటల్‌కి రండి. అక్కడ కూడా సర్వరే ఉంటాడు కదా! టేబుల్‌కి ఒక సర్వర్ చొప్పున ఉండరు. ఒకే కుర్రాడు పది టేబుళ్ళు చూస్తాడు. ఒకరు ఇంకా ఇడ్లీయా ఉప్మానా అని ఆలోచిస్తుంటే అక్కడే నిలబడిపోడు, పక్క టేబుల్‌కి నీళ్ళు పెట్టి వస్తాడు. ఎవరు చెయ్యి ఊపితే వాళ్ళ దగ్గరికి. ఎంజిన్‌ఎక్స్ కూడా అంతే. ఏ కనెక్షన్‌లో కొత్త ముక్క వచ్చిందో ఆపరేటింగ్ సిస్టమ్ చెబుతుంది, అప్పుడు దాన్ని అందుకుని పక్కన పెడుతుంది. నెమ్మదిగా పంపేవాడు కూర్చున్నా కుర్రాడి సమయం పోదు. ఒక కుర్చీ మాత్రం పోతుంది, కుర్చీ చవక.

చాలామంది అపాచీని తీసేయలేదు. దాని ముందు ఎంజిన్‌ఎక్స్‌ని కాపలా పెట్టారు. ఎంజిన్‌ఎక్స్ గేటు దగ్గర నిలబడి నెమ్మదిగా వచ్చే సామాను అంతా పోగుచేసుకుని, మొత్తం చేరాక ఒక్క ఊపులో లోపలి గుమాస్తాకి అందిస్తుంది. ఇంతకుముందు 11 నిమిషాలు చెయ్యి చాపి కూర్చున్న గుమాస్తాకి ఇప్పుడు ఒక్క సెకను పని. నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలో అన్నిటికంటే తెలివైన అతుకు ఇదే. ఎవరి పద్ధతీ మార్చకుండా, మధ్యలో ఒకరిని నిలబెట్టారు.

దానికీ ఖర్చు ఉంది. గేటు దగ్గర ఒకసారి డిస్కు మీద రాయాలి, లోపల ఇంకోసారి రాయాలి. 2 జీబీ వీడియో అయితే 4 జీబీ రాత. గేటు దగ్గర గది నిండితే అందరి పనీ ఆగిపోతుంది. అందుకే 2015లో, కావాలనుకుంటే పోగుచేయకుండా వచ్చింది వచ్చినట్టు లోపలికి పంపే వీలు కూడా పెట్టారు. ఎంజిన్‌ఎక్స్‌కి కూడా పుట్టుకతో ఒక హద్దు ఉంది, 1 ఎంబీ. మార్చడం మరిచిపోయిన సైటుకి ఫోనుతో తీసిన ఫొటో పంపి చూడండి, 413 కనిపిస్తుంది.

2 జీబీ అన్నాను కదా, అది కూడా ఒక గోడే. పాత 32 బిట్ల కంప్యూటర్లలో సైజుని లెక్కపెట్టే గడిలో 2,147,483,647 కంటే పెద్ద సంఖ్య పట్టదు. ఒక్క బైటు ఎక్కువైతే లెక్క రుణ సంఖ్య అయిపోతుంది. 2005 చివర్లో వచ్చిన అపాచీ 2.2తో ఆ యంత్రాల మీద ఆ గోడ తొలగింది. గణితం మాస్టారికి ఈ సంగతి చెబితే ఆయన చాలా సంతోషించారు.

ఇంతవరకు పెద్ద ఫైలు అంటే అరుదు. 2005 తర్వాత అది మామూలు అయిపోయింది. ఆ ఏడాది ఏప్రిల్ 23న యూట్యూబ్‌లో మొదటి వీడియో ఎక్కింది. జూలో ఏనుగుల ముందు నిలబడి తీసుకున్నది, 19 సెకన్లు. ఎక్కించినవాడు యూట్యూబ్ స్థాపకుల్లో ఒకడైన జావెద్ కరీం. తొలినాళ్ళలో అక్కడ 100 ఎంబీ హద్దు ఉండేది. ఆ హద్దులోపు వీడియో కూడా అప్పటి లైన్ల మీద గంటలు పట్టేది.

ఎందుకంటే తీగలు కూడా ఒకవైపే వెడల్పు. టెలిఫోన్ తీగ మీద వచ్చిన ఏడీఎస్‌ఎల్ బ్రాడ్‌బ్యాండ్ పేరులోనే "అసమానం" అనే మాట ఉంది. 1999 నాటి ప్రమాణంలో దిగే దారికి సెకనుకి సుమారు 8 మెగాబిట్లు, ఎక్కే దారికి సుమారు 1. మన ప్రభుత్వం 2004లో బ్రాడ్‌బ్యాండ్ అంటే ఏమిటో నిర్ణయించినప్పుడు కనీసం 256 కిలోబిట్లు ఉండాలంది, అదీ డౌన్‌లోడ్‌కి. జనం చూస్తారు, వింటారు, కొంటారు; వాళ్ళ దగ్గర ఇవ్వడానికి ఏముంటుంది అన్నట్టుంది ఈ లెక్క. నాకు ఇది నచ్చలేదు. దీనివల్ల ఇబ్బంది పడింది పెద్ద కంపెనీలు కాదు. వాళ్ళకి రెండువైపులా సమానమైన తీగలు ఉంటాయి.

ఎఫ్‌టీపీ మరిచిపోని విషయం, అంటే తెగిన చోటినుంచి మొదలుపెట్టడం, వెబ్‌కి ఎలా తిరిగి వచ్చిందో ఇప్పుడు చెబుతాను. అమెజాన్ కంపెనీ 2006 మార్చి 14న ఎస్3 అనే గిడ్డంగి తెరిచింది. ఎవరైనా అద్దె కట్టి ఫైళ్ళు దాచుకోవచ్చు. ఒక్కో ఫైలు 5 జీబీ మించకూడదు, ఒకే ఊపిరిలో పంపాలి. 2010 నవంబరులో పద్ధతి మార్చారు. పెద్ద ఫైలుని ముక్కలు చెయ్యండి, ఒక్కో ముక్కకి నెంబరు వెయ్యండి, ఏ వరసలోనైనా పంపండి, నాలుగైదు ఒకేసారి పంపినా సరే. చివరి ముక్క తప్ప మిగతావి 5 ఎంబీకి తగ్గకూడదు, మొత్తం 10,000 ముక్కలు దాటకూడదు. అన్నీ అందాక "ఇవీ నా ముక్కలు, ఇక అతికించండి" అని ఒక జాబితా ఇస్తే గిడ్డంగి వాటిని కలిపేస్తుంది. మరుసటి నెలలోనే ఫైలు హద్దు 5 టీబీకి పెంచారు.

180 ఎంబీ ఫైలు అనుకోండి, 36 ముక్కలు అవుతాయి. 29వ ముక్క దగ్గర కరెంటు పోయింది. మళ్ళీ పంపాల్సింది ఆ ఒక్క ముక్కా, దాని తర్వాతవీ. 28 ముక్కలు అక్కడ భద్రంగా ఉన్నాయి. ప్రతి ముక్కకీ ఒక గుర్తు లెక్కగట్టి పెడతారు కాబట్టి దారిలో ఏదైనా పాడైతే అదీ తెలుస్తుంది. ఒక్కటే జాగ్రత్త: పంపినవాడు సగంలో మానేస్తే ఆ ముక్కలు గిడ్డంగిలోనే పడి ఉంటాయి, అద్దె మాత్రం పడుతూనే ఉంటుంది. అందుకని ఇన్నిరోజులు దాటితే పారెయ్యమని ముందే చెప్పి పెట్టుకోవాలి.

బ్రౌజర్‌లో ముక్కలు చెయ్యడం మొదట్లో కుదిరేది కాదు. ఎంతవరకు పోయిందో చూపించే గీత కూడా ఉండేది కాదు, దాని కోసం ఫ్లాష్ అనే వేరే సాఫ్ట్‌వేర్ తెచ్చుకునేవారు. తర్వాత బ్రౌజర్లకే ఫైలుని కోసే కత్తి వచ్చింది. 2013లో జర్మనీలోని ట్రాన్స్‌లోడిట్ అనే చిన్న కంపెనీవాళ్ళు టస్ పేరుతో ఒక పద్ధతి తయారుచేసి అందరూ వాడుకోమని ఇచ్చారు. అందులో ముందు "ఇంత ఫైలు రాబోతోంది" అని చెప్పి ఒక చిరునామా తీసుకోవాలి. తెగిపోతే ఆ చిరునామాకి వెళ్ళి "మీకు ఎంతవరకు చేరింది?" అని అడగాలి. సర్వర్ బైట్ల సంఖ్య చెబుతుంది, అక్కడినుంచి మిగతాది పంపాలి. చూస్తే ఇంతే కదా అనిపిస్తుంది. 1985లో ఎఫ్‌టీపీకి ఉన్నది వెబ్ ఫారానికి రావడానికి ఇంతకాలం పట్టింది. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ ఈ పద్ధతిని హెచ్‌టీటీపీలోనే భాగం చెయ్యడానికి ముసాయిదా మీద పనిచేస్తోంది.

ఇంకొక మార్పు కూడా చెప్పాలి. ఇప్పుడు తెలివైన సైట్లు ఫైలుని తమ సర్వర్ గుండా పోనివ్వవు. మీరు అడిగితే సర్వర్ సంతకం చేసిన చీటీ ఒకటి ఇస్తుంది: ఫలానా పేరుతో ఫలానా సమయంలోపు గిడ్డంగిలో పెట్టుకోనివ్వండి అని. మీ బ్రౌజర్ ఆ చీటీతో నేరుగా గిడ్డంగికి వెళ్తుంది. సర్వర్ చేసేది చీటీ రాయడం ఒక్కటే, దానికి కన్ను మూసి తెరిచేంత సమయం కూడా పట్టదు. 256 మంది గుమాస్తాలతో వేలమంది పని అయిపోతుంది.

ఇవన్నీ ఉన్నా, ఉద్యోగ పరీక్షల ఫారాల్లో ఇప్పటికీ "ఫొటో 20 నుంచి 50 కేబీ, సంతకం 10 నుంచి 20 కేబీ" అని ఉంటుంది. అది సర్వర్ తన బరువుని మన నెత్తిన పెట్టడమే. ఫోను కెమెరా ఇచ్చే 4 ఎంబీ ఫొటోని 50 కేబీ చెయ్యడం రాకే జనం మా బాబాయి దగ్గరికి వస్తారు. ఈ మాట ఆయనతో అంటే నవ్వి, "అందరికీ వచ్చేస్తే నా షాపు మూసుకోవాలే" అన్నారు. తర్వాత కొంచెం ఆగి, లక్షలమంది పంపినప్పుడు ఒక్కొక్కరిది 4 ఎంబీ అయితే వాళ్ళు ఎక్కడ దాస్తారు, దానికీ డబ్బు కావాలి కదా అన్నారు. అది కూడా ఒప్పుకోవాలి. లక్ష మందికి 4 ఎంబీ చొప్పున 400 జీబీ, 50 కేబీ చొప్పున అయితే 5 జీబీ. కానీ ఆ తగ్గించే పని సైటే బ్రౌజర్‌లో చేసిపెట్టవచ్చు. అది ఈరోజుల్లో కష్టం కాదు.

మన తెలుగువాళ్ళకి ఈ విషయంతో ఉన్న సంబంధం అప్లికేషన్లతో ఆగదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మా ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఆ కాలంనాటి తెలుగు పుస్తకాలు ఇక్కడ కొన్ని ఇళ్ళలో ట్రంకు పెట్టెల్లో ఉన్నాయి, మా తాతగారి పెట్టెలో కూడా. అలాంటి పాత పుస్తకాలు వేలకొద్దీ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకంలో స్కాన్ అయ్యాయి. అందులో హైదరాబాద్ ఐఐఐటీ కూడా పనిచేసింది. వాటిలో చాలా ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతాయి. తెలుగు వికీసోర్స్‌లో పనిచేసేవాళ్ళు స్కాన్ చేసిన పుస్తకాలని వికీమీడియా కామన్స్‌కి ఎక్కించి, అక్షరం అక్షరం టైపు చేసి దిద్దుతారు. కామన్స్‌లో మామూలు ఫారం 100 ఎంబీ వరకే తీసుకుంటుంది. అంతకంటే పెద్దవి ముక్కలు చేసి పంపే వేరే విజర్డ్ ద్వారా ఎక్కించాలి. బొమ్మలున్న 300 పేజీల పుస్తకం శుభ్రంగా స్కాన్ చేస్తే 100 ఎంబీ సులువుగా దాటుతుంది. ముక్కల పద్ధతి లేకపోతే ఆ పుస్తకాన్ని నాసిరకంగా కుదించి ఎక్కించాలి. అప్పుడు వత్తులు చెదిరిపోతాయి. తెలుగు అచ్చులో వత్తు పోతే మాటే మారిపోతుంది, ఇంగ్లీషు పుస్తకానికి ఈ బాధ ఇంత లేదు.

ఏ సైటు ఏ కాలంలో ఉందో తెలుసుకోవడానికి నేనూ మా స్నేహితురాళ్ళు ఇద్దరూ ఒక చిన్న పరీక్ష చేశాం. మీరూ చెయ్యవచ్చు, ఆఖరి తేదీ నాడు మాత్రం వద్దు. ఒక పెద్ద ఫైలు ఎక్కించడం మొదలుపెట్టి, నలభై శాతం దగ్గర వైఫై ఆపెయ్యండి. రెండు నిమిషాలు ఆగి మళ్ళీ వెయ్యండి. మేం మూడు సైట్లు చూశాం. ఒకటి ఏమీ జరగనట్టు నలభై నుంచి సాగిపోయింది. ఇంకొకటి "మళ్ళీ ప్రయత్నించండి" అని సున్నా దగ్గరికి తీసుకెళ్ళింది. మూడోది ఇప్పటికీ గుండ్రం తిప్పుతూనే ఉంది, మేమే కంప్యూటర్ ఆపేసి ఇంటికి వెళ్ళిపోయాం.